వ్యవసాయ పనిముట్ల తయారీ, మరమ్మతులలో వెల్డింగ్ తీగ, రక్షక వాయువుల ఎంపిక

పరిచయం

వర్షాధార ఎర్ర నేలలలో వేరుశనగ విత్తడానికి తగిన పదును ఒక మంచి వర్షం తరువాత కొద్ది రోజులు మాత్రమే నిలుస్తుంది. ఆ రోజులలో విత్తే గొర్రు చట్రం అతుకు వద్ద విరిగితే నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదు. అదను తప్పుతుంది, తరువాతి వర్షం కోసం ఎదురు చూడవలసి వస్తుంది. డెల్టా ప్రాంతంలో దమ్ము చేసే సమయాన ట్రాక్టరు ఇనుప చక్రం పట్టీ ఊడిపోయినా పరిస్థితి ఇంతే. అద్దె యంత్రాల కేంద్రాలలో ఒక యంత్రం ఆగితే దాని కోసం వరుసలో ఉన్న రైతులందరి పనీ ఆగుతుంది. సకాలంలో సేద్యం చేయాలని సస్యవిజ్ఞానం ఎంత సిఫారసు చేసినా, ఆ సేద్యం చేసే పనిముట్టు నిలబడకపోతే సిఫారసు కాగితానికే పరిమితమవుతుంది. అందుచేత పనిముట్టు అతుకు కూడా వ్యవసాయ విస్తరణలో భాగంగా తెలుసుకోదగిన విషయమే.

ఒకప్పుడు గ్రామీణ వెల్డింగ్ షాపులలో పూత రాడ్డుతో చేసే వెల్డింగ్ ఒక్కటే ఉండేది. ఇప్పుడు తీగను యంత్రమే నిరంతరం అందించే పద్ధతి కూడా మండల కేంద్రాల వరకు చేరింది. దీనినే వాడుకలో ‘మిగ్’ అనీ ‘సి.ఓ.టు. వెల్డింగ్’ అనీ అంటున్నారు. ఈ యంత్రం కొన్నవారు మొదట అడిగే ప్రశ్న ఏ తీగ మంచిది, ఏ వాయువు మంచిది అన్నదే. ఈ ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. అతికే లోహం ఏది, పని జరిగే చోటు ఏది, లోహపు మందం ఎంత అనే మూడు ప్రశ్నలకు ఇదే వరుసలో సమాధానం దొరికిన తరువాతనే తీగ, వాయువు నిర్ణయమవుతాయి. ఈ వరుసను, దాని వెనుక ఉన్న కారణాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రక్షక వాయువు అవసరం

విద్యుత్ ఆర్క్ వేడికి కరిగిన ఉక్కు చుట్టూ ఉన్న గాలిని తేలికగా గ్రహిస్తుంది. గాలిలోని నత్రజని కరిగిన లోహంలో కలిసి, లోహం గడ్డకట్టేటప్పుడు బయటికి రాలేక అతుకులో రంధ్రాలను మిగులుస్తుంది. మిగిలిన భాగం అతుకును పెళుసుబారుస్తుంది. ప్రాణవాయువు ఇనుముతోను, అందులోని మాంగనీసు, సిలికాన్‌లతోను కలిసి ఆక్సైడులను ఏర్పరుస్తుంది. తేమ, నూనె, తుప్పుల నుండి వచ్చే ఉదజని అతుకు పక్కన గట్టిపడిన లోహంలో చేరి, పని ముగిసిన కొన్ని గంటలకో, రెండు రోజులకో పగుళ్లకు దారితీస్తుంది. పూత రాడ్డులో ఆ పూత కాలి వాయువును, చిట్టెమును ఇచ్చి లోహాన్ని కాపాడుతుంది. తీగ పద్ధతిలో ఈ పనిని సిలిండరు నుండి వచ్చే వాయువు చేస్తుంది.

తీగను నిరంతరం అందిస్తూ వాయువు రక్షణలో అతికే పద్ధతి అమెరికాలోని బ్యాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1948లో రూపుదిద్దుకున్నది. మొదట అల్యూమినియం వంటి లోహాలకు ఆర్గాన్, హీలియం వంటి జడ వాయువులతో వాడారు. ఆ వాయువుల ఖరీదు వలన ఉక్కు పనిలో ఇది వెంటనే వ్యాపించలేదు. 1953లో సోవియట్ పరిశోధకులు ల్యూబావ్‌స్కీ, నొవొషిలోవ్ కార్బన్ డై ఆక్సైడ్‌ను రక్షక వాయువుగా ఉపయోగించిన తరువాత సాధారణ ఉక్కు పనికి ఈ పద్ధతి అందుబాటులోకి వచ్చింది. మన షాపులలో ‘సి.ఓ.టు. వెల్డింగ్’ అనే మాట ఆ వాయువు పేరు నుండి వచ్చినదే.

మొదటి ప్రశ్న: లోహం ఏది?

వ్యవసాయ పనిముట్లలోని ఉక్కును అతుకు దృష్ట్యా రెండు తరగతులుగా చూడవచ్చు. చట్రాలు, ట్రాలీ తొట్టెలు, ఇనుప చక్రాలు, విత్తనాల పెట్టెలు సాధారణంగా కర్బనం తక్కువ ఉన్న మెత్తని ఉక్కుతో, అంటే వాడుకలోని ఎం.ఎస్. ప్లేటు, యాంగ్లరు, చానలుతో తయారవుతాయి. నేలను కోసే భాగాలైన కర్రులు, నాగలి డిస్కులు, రోటవేటర్ బ్లేడ్లు ఎక్కువ కర్బనం గల ఉక్కుతో గానీ, బోరాన్ ఉక్కుతో గానీ తయారై, వేడిచేసి చల్లార్చి గట్టిపరచబడినవై ఉంటాయి. మొదటి తరగతికి సరిపడే తీగ రెండవ తరగతికి కూడా సరిపోతుందని భావించడమే చాలా వైఫల్యాలకు మూలం.

ఉక్కు అతుకుకు ఎంత అనుకూలమో అంచనా వేయడానికి కర్బన తుల్యాంకం ఉపయోగపడుతుంది. దాని సూత్రం:

కర్బన తుల్యాంకం = కర్బనం + మాంగనీసు/6 + (క్రోమియం + మాలిబ్డినం + వెనేడియం)/5 + (నికెల్ + రాగి)/15

ఇందులో అన్నీ బరువు శాతాలే. ఉదాహరణకు 0.20 శాతం కర్బనం, 1.0 శాతం మాంగనీసు ఉన్న మెత్తని ఉక్కు తుల్యాంకం 0.20 + 0.17, అంటే సుమారు 0.37. ఇది తేలికగా అతుకుతుంది. గ్రామీణ పనిముట్లలో తరచుగా వాడే లారీ కమాను పట్టీలో 0.55 శాతం కర్బనం, 0.85 శాతం మాంగనీసు ఉన్నాయనుకుంటే తుల్యాంకం 0.69 అవుతుంది. తుల్యాంకం 0.45 దాటిన ఉక్కును ముందుగా వేడి చేయకుండా అతికితే, అతుకు పక్కనున్న లోహం చుట్టూ ఉన్న చల్లని లోహానికి వేడిని వేగంగా కోల్పోయి, నీటిలో ముంచినట్లు గట్టిపడి పెళుసుబారుతుంది. అక్కడ ఉదజని కూడా చేరితే పగులు తప్పదు. వెల్డు పూస నిగనిగలాడుతూనే ఉంటుంది, దాని అంచు వెంబడి పట్టీ విరిగిపోతుంది.

రసాయన విశ్లేషణ అందుబాటులో లేని చోట నిప్పురవ్వల పరీక్ష ఉపకరిస్తుంది. గ్రైండింగ్ చక్రానికి ఆనించినప్పుడు తక్కువ కర్బనం గల ఉక్కు నుండి పొడవైన, కొమ్మలు తక్కువగా ఉన్న రవ్వలు వస్తాయి. కర్బనం పెరిగిన కొద్దీ రవ్వలు పొట్టిగా మారి, చివర నక్షత్రాల వలె ఎక్కువగా చిట్లుతాయి. తెలిసిన ఎం.ఎస్. ముక్కను పక్కన పెట్టుకొని పోల్చి చూడాలి. ఆకురాయి పరీక్ష మరొకటి: గట్టిపరచిన ఉక్కుపై ఆకురాయి కోయకుండా జారిపోతుంది.

తీగ సంకేతాన్ని చదవడం

మెత్తని ఉక్కు పనికి అత్యధికంగా వాడే ఘన తీగ ఇ.ఆర్. 70 ఎస్-6. ఇది అమెరికన్ వెల్డింగ్ సొసైటీ సంకేతం. ఇందులో 70 అనేది చదరపు అంగుళానికి 70,000 పౌండ్ల కనీస తన్యబలాన్ని, అంటే సుమారు 480 మెగా పాస్కల్‌ను సూచిస్తుంది. ‘ఎస్’ ఘన తీగ అనీ, చివరి 6 దాని రసాయన కూర్పు అనీ అర్థం. మన నిర్మాణపు ఉక్కు ఐ.ఎస్. 2062లోని ఇ 250 తరగతి కనీస తన్యబలం 410 మెగా పాస్కల్ కనుక ఈ తీగ బలం దానికి చాలినంత ఉన్నది. మరింత బలమైన తీగను వెదకడం వలన ప్రయోజనం లేదు.

ఎస్-3, ఎస్-6 తీగల మధ్య ప్రధాన భేదం మాంగనీసు, సిలికాన్‌లలో ఉంది. ఎస్-3లో మాంగనీసు 0.90 నుండి 1.40 శాతం, సిలికాన్ 0.45 నుండి 0.75 శాతం ఉంటాయి. ఎస్-6లో ఇవి వరుసగా 1.40 నుండి 1.85 శాతం, 0.80 నుండి 1.15 శాతం. ఈ రెండు మూలకాలు కరిగిన లోహంలోని ప్రాణవాయువును పట్టి చిట్టెముగా పైకి తేలుస్తాయి. పొలంలో పనిచేసిన పనిముట్టుపై ఎంత శుభ్రపరచినా కొంత తుప్పు మిగులుతుంది కనుక మరమ్మతులకు ఎస్-6 తగినది. అయితే ఎస్-6 ఉన్నదని శుభ్రం చేయడం మానకూడదు. ఎరువుల అవశేషం, గ్రీజు, రంగు, తడి మట్టి ఇచ్చే ఉదజనిని, గంధకాన్ని ఏ తీగా పూర్తిగా తట్టుకోలేదు.

లోపల పొడి పదార్థం నింపిన గొట్టపు తీగలు మరొక వర్గం. వీటిలో ఇ 71 టి-1 తరగతి తీగకు బయటి వాయువు అవసరం. సంకేతం చివర ‘సి’ ఉంటే కార్బన్ డై ఆక్సైడ్‌తోను, ‘ఎం’ ఉంటే ఆర్గాన్ మిశ్రమంతోను వాడాలి. ‘సి’ తీగను ఆర్గాన్ ఎక్కువగా ఉన్న మిశ్రమంతో వాడితే మాంగనీసు, సిలికాన్ కాలిపోకుండా అతుకులో మిగిలి, బలం పెరిగి సాగే గుణం తగ్గుతుంది. ఇ 71 టి-11 తరగతి తీగకు వాయువు అవసరం లేదు. పొడి పదార్థమే రక్షణ ఇస్తుంది. ఇ 71 టి-జి.ఎస్. అనే తీగ ఒకే వరుసకు ఉద్దేశించినది కనుక వరుసపై వరుస వేయవలసిన మందపాటి పనికి పనికిరాదు.

ఇక్కడ విద్యుత్ ధ్రువం విషయంలో జాగ్రత్త అవసరం. ఘన తీగకు, వాయువుతో వాడే గొట్టపు తీగకు టార్చి ధన ధ్రువంగా ఉండాలి. ఇ 71 టి-11కు టార్చి ఋణ ధ్రువంగా ఉండాలి. తీగ మార్చి ధ్రువం మార్చకపోతే ఆర్క్ నిలకడ లేక, లోహపు తుంపరలు ఎక్కువై, లోహం లోతుగా కలవదు. గొట్టపు తీగ నొక్కుకుపోకుండా దానికి గాట్లున్న రోలరు, ఘన తీగకు నున్నని ‘వి’ గాడి గల రోలరు అమర్చాలి.

వాయువు ఎంపిక

మెత్తని ఉక్కుకు రెండు వాయువులు ప్రధానం: శుద్ధ కార్బన్ డై ఆక్సైడ్, ఆర్గాన్‌లో 18 నుండి 25 శాతం కార్బన్ డై ఆక్సైడ్ కలిపిన మిశ్రమం.

కార్బన్ డై ఆక్సైడ్ చవక, లోహంలోకి లోతుగా చొచ్చుకుపోయే ఆర్క్‌ను ఇస్తుంది. దీనితో తుంపరలు ఎక్కువ, పూస గరుకుగా ఉంటుంది. ఆర్క్ వేడికి కొంత విచ్ఛిన్నమై ప్రాణవాయువును విడుదల చేయడం వలన తీగలోని మాంగనీసు, సిలికాన్ కొంత కాలిపోతాయి. ఎస్-6 తీగతో దీనిని జత చేయడానికి ఇది మరొక కారణం. మిశ్రమ వాయువుతో ఆర్క్ నిలకడగా ఉంటుంది, తుంపరలు తగ్గుతాయి, పలుచని రేకులపై అదుపు బాగుంటుంది. కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 20 శాతానికి మించని మిశ్రమంలో, ఎక్కువ విద్యుత్తుతో, లోహం సన్నని బిందువులుగా తుంపర విధానంలో బదిలీ కాగలదు. శుద్ధ కార్బన్ డై ఆక్సైడ్‌లో ఈ విధానం సాధ్యం కాదు.

శుద్ధ ఆర్గాన్ ఖరీదైనది కనుక మేలైనదని భావించరాదు. మెత్తని ఉక్కుపై తీగ పద్ధతిలో శుద్ధ ఆర్గాన్ వాడితే ఆర్క్ అటూ ఇటూ కదులుతుంది, కరిగిన లోహం అంచులకు పారదు, పూస పక్కన గాడి పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు విషయం వేరు. 304 తరగతి తొట్టెలకు ఇ.ఆర్. 308 ఎల్ తీగ, 1 నుండి 2 శాతం ప్రాణవాయువు గానీ 2 శాతం కార్బన్ డై ఆక్సైడ్ గానీ కలిపిన ఆర్గాన్ తగినవి. అక్కడ శుద్ధ కార్బన్ డై ఆక్సైడ్ వాడితే అతుకులో కర్బనం పెరిగి, క్రోమియంను పట్టుకొని, తుప్పును నిరోధించే గుణాన్ని తగ్గిస్తుంది. పురుగుమందు ద్రావణాలు తాకే తొట్టెలో మొదట చిల్లు పడేది అక్కడే. స్టెయిన్‌లెస్‌ను మెత్తని ఉక్కుతో కలపడానికి ఇ.ఆర్. 309 ఎల్ వాడాలి.

సిలిండర్ల గురించి ఒక ఆచరణాత్మక విషయం. కార్బన్ డై ఆక్సైడ్ సిలిండరులో ద్రవరూపంలో ఉంటుంది. ద్రవం మిగిలి ఉన్నంత కాలం పీడనం దాదాపు మారదు కనుక మీటరు చూసి మిగులును అంచనా వేయలేము. సిలిండరును తూచి తెలుసుకోవాలి. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చల్లబడి రెగ్యులేటరు గడ్డకట్టే అవకాశం ఉంది కాబట్టి హీటరు అమర్చుకోవాలి, సిలిండరును నిలువుగానే ఉంచాలి. ఆర్గాన్ వాయు రూపంలోనే ఉంటుంది కనుక వాడిన కొద్దీ మీటరు ముల్లు దిగుతుంది.

రెండవ ప్రశ్న: పని ఎక్కడ జరుగుతుంది?

రక్షక వాయువు తెర పలుచనిది. గంటకు 8 కిలోమీటర్ల గాలి, అంటే చెట్ల ఆకులు కదిలే పాటి గాలి, ఆ తెరను చెదరగొట్టడానికి చాలు. నైరుతి ఋతుపవన కాలంలో ఆరుబయట ఇంతకన్నా తక్కువ గాలి ఉండే సమయం స్వల్పం. గాలి వీస్తున్నప్పుడు వాయు ప్రవాహాన్ని పెంచడం షాపులలో కనిపించే అలవాటు. ఇది సమస్యను పెంచుతుంది. సాధారణ నాజిల్‌కు నిమిషానికి 12 నుండి 15 లీటర్లు చాలు; ప్రవాహం మరీ ఎక్కువైతే వాయువు సుడులు తిరిగి బయటి గాలిని తనలోకి లాక్కొంటుంది. పూసలో సూదిరంధ్రాలు కనిపిస్తే ముందుగా గాలికి అడ్డు, నాజిల్‌లో పేరుకున్న తుంపరలు, గొట్టం లీకులు పరిశీలించాలి.

గాలిని అడ్డుకోలేని చోట, ముఖ్యంగా పొలం గట్టున చేసే మరమ్మతుకు, ఇ 71 టి-11 గొట్టపు తీగ గానీ, అల్ప ఉదజని రాడ్డు ఇ 7018 గానీ ఎంచుకోవాలి. షాపులలో విరివిగా దొరికే ఇ 6013 రాడ్డు పలుచని మెత్తని ఉక్కుకు బాగానే పనిచేస్తుంది. బరువు మోసే భాగాలకు, కర్బనం ఎక్కువ ఉన్న ఉక్కుకు ఇ 7018 శ్రేయస్కరం. అయితే దీని పూత తేమను పీలిస్తే అల్ప ఉదజని గుణం పోతుంది. పెట్టె తెరచి ఉంచిన రాడ్లను తయారీదారు సూచన ప్రకారం, సాధారణంగా 300 నుండి 350 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి. ఎండలో ఆరబెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. తీగ చుట్టలను కూడా వానాకాలంలో యంత్రంలోనే వదలకుండా సంచిలో మూసి ఉంచాలి.

మూడవ ప్రశ్న: మందం ఎంత?

1 నుండి 3 మి.మీ. రేకులకు 0.8 మి.మీ. తీగ, మిశ్రమ వాయువు, తక్కువ వోల్టేజి అనుకూలం. ఈ అమరికలో తీగ కొన లోహాన్ని తాకి తాకి కరుగుతుంది. వేడి తక్కువ కనుక రేకు కాలి చిల్లు పడదు. ఇదే అమరికతో 10 మి.మీ. ప్లేటును అతికితే పూస చూడడానికి చక్కగా ఉన్నా కింది లోహంతో కలవదు. బరువు పడగానే పూస అతుకు నుండి పెచ్చుగా ఊడుతుంది. ట్రాక్టరుకు తగిలించే మూడు బిందువుల లింకేజి వద్ద, ట్రాలీ కొక్కెం వద్ద ఇటువంటి అతుకు ప్రాణాపాయకరం. మందపాటి భాగాలకు 1.2 మి.మీ. తీగ, తగినంత విద్యుత్తు, అంచులను ఏటవాలుగా చెక్కడం అవసరం. చిన్న యంత్రానికి ఆ శక్తి లేకపోతే ఇ 7018 రాడ్డుతో పలు వరుసలు వేయడమే సరైన మార్గం.

అవసరానికి మించిన వేడి, మించిన పూస కూడా హానికరమే. కోణపు పూస పరిమాణం 6 మి.మీ. నుండి 8 మి.మీ.కు పెంచితే నింపే లోహం సుమారు 78 శాతం పెరుగుతుంది. ఆ లోహమంతా చల్లారుతూ కుదించుకొని చట్రాన్ని వంచుతుంది. విత్తే గొర్రు విషయంలో దీని ప్రభావం పైరులోనే కనిపిస్తుంది. వేరుశనగ విత్తనం సుమారు 5 సెం.మీ. లోతున పడాలి. చట్రం మెలితిరిగితే ఒక చివర సాళ్లు లోతుగా, మరొక చివర పైపైన పడతాయి. మొలక ఒకేసారి రాదు, సాళ్ల మధ్య దూరం మారి అంతరకృషికి ఇబ్బంది కలుగుతుంది. అందువలన ముందుగా అన్ని మూలలనూ చుక్కలుగా అతికి, కర్ణాలు కొలిచి సరిచూసి, తరువాత ఎదురెదురు వైపుల మార్చి మార్చి చిన్న పూసలు వేయాలి.

వెల్డింగ్ చేయకూడని సందర్భాలు

రోటవేటర్ బ్లేడు విరిగితే అతికించరాదు. బోల్టుతో బిగించే భాగం కనుక మార్చడమే తగినది. గట్టిపరచిన ఉక్కును అతికినప్పుడు పూస పక్కన ఒక పట్టీ పెళుసుబారుతుంది, ఆ పక్కన మరొక పట్టీ మెత్తబడుతుంది. తిరుగుతున్న రోటరు నుండి ఊడిన ముక్క సమీపంలోని మనిషికి తగిలితే ప్రాణాంతకం. కమాను పట్టీ వంటి దానిని తప్పనిసరిగా అతకవలసి వస్తే 200 నుండి 300 డిగ్రీల వరకు ముందుగా వేడిచేసి, అల్ప ఉదజని రాడ్డుతో అతికి, పొడి బూడిదలో గానీ పొడి ఇసుకలో గానీ కప్పి నెమ్మదిగా చల్లార్చాలి. స్ప్రింగు గుణం మాత్రం అక్కడ మిగలదు. అరిగిన కర్రు కొనపై గట్టి పూత వేయడం వేరు పని. అది అరుగుదలను తగ్గించడానికే తప్ప బరువు మోయడానికి కాదు.

పాలీహౌస్‌ల జింకు పూత గొట్టాలను కూడా వీలైనంత వరకు క్లాంపులు, బోల్టులతోనే కలపాలి. జింకు 907 డిగ్రీల వద్దనే మరిగి ఆవిరవుతుంది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది, అతుకులో రంధ్రాలు పడతాయి. తప్పనిసరైతే అతుకు ఇరువైపులా పూతను గీకివేసి, గాలి ఆడే చోట పని చేయాలి.

భద్రత

కార్బన్ డై ఆక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు, ఆర్గాన్ సుమారు 1.4 రెట్లు బరువైనవి. మరమ్మతు గుంతలలో, తొట్టెల అడుగున ఇవి పేరుకొని ఊపిరాడకుండా చేస్తాయి. పురుగుమందు తొట్టెలను పూర్తిగా కడిగి ఆరబెట్టకుండా వేడి చేయరాదు. క్లోరిన్ ఉన్న ద్రావకాలతో తుడిచిన లోహంపై ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ట్రాక్టరుకు తగిలించి ఉన్న పనిముట్టును అతికేటప్పుడు బ్యాటరీ తీగలు విడదీయాలి. ఎర్త్ క్లాంపును అతుకుకు దగ్గరలో బిగించాలి. లేనిచో విద్యుత్తు బేరింగుల గుండా ప్రవహించి వాటిని పాడుచేస్తుంది.

క్లుప్త సూచిక

1. షాపు లోపల, పలుచని ఎం.ఎస్. రేకు: ఇ.ఆర్. 70 ఎస్-6, 0.8 మి.మీ., ఆర్గాన్ మిశ్రమం.
2. షాపు లోపల, మందపాటి చట్రం: ఇ.ఆర్. 70 ఎస్-6, 1.2 మి.మీ., కార్బన్ డై ఆక్సైడ్ లేదా మిశ్రమం. లేదా సంకేతానికి సరిపడే వాయువుతో ఇ 71 టి-1.
3. ఆరుబయట మరమ్మతు: ఇ 71 టి-11 లేదా ఆరబెట్టిన ఇ 7018 రాడ్డు.
4. స్టెయిన్‌లెస్ తొట్టె: ఇ.ఆర్. 308 ఎల్, ప్రాణవాయువు లేదా కార్బన్ డై ఆక్సైడ్ స్వల్పంగా కలిపిన ఆర్గాన్.
5. కర్బనం ఎక్కువ ఉన్న ఉక్కు: వీలైతే భాగాన్ని మార్చడం, లేనిచో ముందు వేడి, ఇ 7018, నెమ్మదిగా చల్లార్చడం.
6. రోటవేటర్ బ్లేడు: మార్చడం మాత్రమే.

ముగింపు

తీగ, వాయువుల ఖర్చు ఒక పనిముట్టు మరమ్మతులో చిన్న భాగం. అదునులో ఆగిన యంత్రం వలన కలిగే నష్టం దానికి ఎన్నో రెట్లు. వేసవిలో, సేద్యపు పనులు మొదలు కాకముందే, అద్దె యంత్రాల కేంద్రాలలోని పనిముట్ల అతుకులను పరిశీలించి, ఏ భాగం ఏ తరగతి ఉక్కో రంగుతో గుర్తు పెట్టించడం విస్తరణ శాస్త్రవేత్తలు తేలికగా చేపట్టగల కార్యక్రమం. ఆ గుర్తు చూసిన షాపువానికి మొదటి ప్రశ్నకు సమాధానం ముందే దొరుకుతుంది. గాలి, మందం అతని కంటి ఎదుటే ఉంటాయి. విద్యార్థులు కూడా క్షేత్ర శిక్షణలో విరిగిన భాగం ఎక్కడ విరిగిందో, పూసలోనా, పూస పక్కనా, పూస అడుగునా అన్నది నమోదు చేయడం అలవరచుకోవాలి. రంధ్రాలతో పూసలో విరిగితే వాయువు రక్షణను, శుభ్రతను, పక్కన విరిగితే లోహాన్ని, అడుగున ఊడితే వేడిని సరిచూడాలి. ఈ ఒక్క పరిశీలన తరువాతి మరమ్మతులో ఏమి మార్చాలో తెలుపుతుంది.